పది బొమ్మల పటాలము

ఆదివారము సాయంకాలము ఆరుగంటల వేళ, పేర్లకు బదులు నంబర్లతో పిలువబడు తార్నాక వీధులలో ఒకదానియందు, మూడవ అంతస్తులోని ఒక ఇంట, భోజనపుబల్లపై పళ్ళెములకు మారుగా ఒక చిన్న లోకము అమరియున్నది. ఆకుపచ్చని ఫెల్టుగుడ్డ పచ్చికబయలు. పలకలుగా కోసి ఒకదానిపై నొకటి అంటించిన థర్మకోల్ రెండు గుట్టలు. అగరువత్తుల డబ్బాలకు జిగురుతో ఇసుక అద్ది నిలిపినది శిథిలగోపురము. ఎండిన తులసికొమ్మలు నాలుగు చెట్లు. గోపురమునకు ఈవల, బొటనవ్రేలి తొలికణుపు పొడవు మించని పదిమంది వీరులు కత్తులు దూసి నిలిచియున్నారు. ఆవల, అంతే పొడవుగల పదిమంది అస్థిపంజరవీరులు.

ఉస్మానియా విశ్వవిద్యాలయమున పరిశోధన చేయుచున్న యువకు డొకడు మోకాళ్ళపై కూర్చుండి, ఒక కన్ను మూసి, రెండవ కంటిని బల్లమట్టమునకు దించి, తన విలుకాని భుజముమీదుగా చూచి, "నీ మాంత్రికుడి టోపీ కనబడుతున్నదిరా. బాణం వేస్తున్నా" అన్నాడు. ఎదుటివాడు తానును వంగి, అదే కోణమునుండి చూచి, "టోపీకి తగిలితే మనిషి చస్తాడా? పుస్తకం తియ్" అని వాదమునకు దిగినాడు. నియమముల పుస్తకము తెరవబడినది. ఇంతలో లోపలినుండి వచ్చిన, ఆ ఇంటివారి బందరు అమ్మమ్మగారు కళ్ళజోడు సవరించుకొని బల్లవంక చూచి, "ఏవిట్రా, దసరా ఇంకా రాకుండానే కొలువు తీర్చారూ?" అని అడిగిరి.

"కొలువు కాదమ్మమ్మా, యుద్ధం."

"అయితే శనగల్లేవన్నమాట" అని ఆమె మరల లోపలికి పోయిరి.

బొమ్మల కంపెనీకి పెద్దల పీట

మీసములు వచ్చినవారు బొమ్మలతో యుద్ధమాడుటయా అని ఆశ్చర్యపడువారు ఒక వార్తను గమనింపవలెను. 2024 డిసెంబరులో, లండన్ స్టాకుమార్కెటునందు అగ్రశ్రేణి కంపెనీల పట్టికయగు ఎఫ్‌టీఎస్‌ఈ 100లో, బ్యాంకుల సరసన, చమురు కంపెనీల సరసన, ప్లాస్టిక్ సైనికులను అచ్చుపోసి అమ్ము గేమ్స్ వర్క్‌షాప్ అను కంపెనీ తొలిసారిగా చోటు సంపాదించినది. ఆ నెలలోనే, ఆ కంపెనీ కల్పించిన 'వార్‌హామర్ 40,000' లోకమును తెరకెక్కించుటకు అమెజాన్‌తో ఒప్పందము ఖరారైనది. అప్పటినుండి ఈ బొమ్మల ముచ్చట వ్యాపారపు పుటలకును, కుర్రవాళ్ళ సెల్‌ఫోన్లకును ఒకేసారి ఎక్కినది.

ఈ కంపెనీ పుట్టుక ఘనమైనదేమియు కాదు. 1975లో లండనులో జాన్ పీక్, ఇయన్ లివింగ్‌స్టన్, స్టీవ్ జాక్సన్ అను మువ్వురు మిత్రులు చెక్కతో ఆటపలకలు చేసి అమ్ముటకు దీనిని స్థాపించిరి. అంతకు ముందటి సంవత్సరమే అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆటను వెలువరించియుండిరి. ఈ మువ్వురు దానిని ఐరోపాలో విక్రయించు హక్కు సంపాదించిరి. 1979లో బొమ్మలు పోతపోయుటకు సిటడెల్ అను సంస్థ వెలసినది. 1983లో ఆ బొమ్మలతో ఆడుకొనుటకు 'వార్‌హామర్' నియమములు, 1987లో దాని భావికాలపు రూపము వచ్చినవి. బొమ్మలు అమ్ముడుపోవుటకై ఆట పుట్టినదేగాని ఆటకొరకు బొమ్మలు పుట్టలేదని గిట్టనివారు అందురు. అందులో కొంత నిజము లేకపోలేదు.

అయితే బల్లపై యుద్ధమునకు వ్యాపారము కంటె పాతచరిత్ర కలదు. 1812లో ఫాన్ రైస్విట్జ్ అను ప్రష్యా దేశీయుడు కొండలు, నదులు, ఊళ్ళు పలకలుగా అమర్చుకొనదగిన ఒక బల్లను తమ రాజుగారికి సమర్పించెను. 1824లో అతని కుమారుడు, సైన్యములో లెఫ్టినెంటు, ఆ యాటకు కట్టుదిట్టమైన నియమములు వ్రాసి సేనాధికారుల శిక్షణకు పనికివచ్చునట్లు చేసెను. దానిని కొలువుకూటము నుండి ఇంటి నేలమీదికి దించినవాడు ఆంగ్లరచయిత హెచ్.జి. వెల్స్. 1913లో వెలువడిన 'లిటిల్ వార్స్' అను చిన్నపుస్తకములో ఆయన, బొమ్మతుపాకి స్ప్రింగుతో పేల్చి తగరపు సైనికులను పడగొట్టు పద్ధతిని విపులముగా వివరించి, ఈ బొమ్మయుద్ధము నిజయుద్ధముకంటె ఎంత మేలోకదా యని చెప్పినాడు. మరుసటి యేడే మొదటి ప్రపంచయుద్ధము వచ్చిపడినది.

అక్షౌహిణి కాదు, పత్తి చాలును

ఈ వినోదము మన నగరమునకు వచ్చునప్పటికి ఎదురైన మొదటి చిక్కు స్థలము. పెద్దసేనల ఆటకు ఆరడుగుల బల్ల, నూరింటికి చేరువగా బొమ్మలు కావలెను. ఉస్మానియా వసతిగృహములో మంచము, మేజా, బట్టలతాడు పోగా మిగిలిన చోటు ఎంత? తార్నాకలో నలుగురు పంచుకొను అద్దెగదిలో ఆరడుగుల బల్ల ఎక్కడ పట్టును? కనుకనే ఇచ్చటివారి కన్ను చిన్నసేనలపై పడినది. అదృష్టవశమున, ప్రపంచమంతటను కూడ గత పదేండ్లలో గాలి అటే వీచుచున్నది. 2015లో జోసెఫ్ మెకల్లో రచించిన 'ఫ్రాస్ట్‌గ్రేవ్' అను ఆటలో మంచుకప్పిన ఒక పాడుపట్టణమున నిధులకై వెదకు మాంత్రికుడు, అతని శిష్యుడు, వారివెంట ఎనిమిదిమంది భటులు, మొత్తము పదిమంది చాలుదురు. బల్ల మూడడుగుల చదరముంటే సరి. పాచిక ఇరువది ముఖములది. ఏ కంపెనీ బొమ్మలైనను నిలుపవచ్చును. ఆ యేడే డేనియల్ మెర్సీ వ్రాసిన 'డ్రాగన్ రాంపెంట్' కొంచెము పెద్దది. 24 పాయింట్లకు లోబడి నాలుగైదు దళములను కూర్చుకొనవలెను. తుదకు గేమ్స్ వర్క్‌షాప్ కూడ 2024లో ఒక్క పెట్టెతో ముగియు 'స్పియర్‌హెడ్' అను చిన్నయుద్ధమును తెచ్చినది.

పది అనగానే మన పూర్వుల సేనాగణితము స్ఫురింపక మానదు. మహాభారతములోని సేనావిభాగమున అన్నిటికంటె చిన్నది 'పత్తి': రథ మొకటి, ఏనుగు ఒకటి, గుఱ్ఱములు మూడు, కాలిబంట్లు ఐదుగురు, కూడిన పది. కురుక్షేత్రమున పదునెనిమిది అక్షౌహిణులు కూడినవని గొప్పగా చెప్పుకొందుముగాని, ఆ మహాసేనకు మూలమైన ఆ పదింటిని ఎవ్వరును తలపరు. తార్నాక భోజనపుబల్లకు సరిగా సరిపోవునది ఆ పత్తియే.

■ సేనల లెక్క
పత్తి = 10. మూడు పత్తులు ఒక సేనాముఖము, మూడు సేనాముఖములు ఒక గుల్మము. ఇట్లే మూడింతలుగా గణము, వాహిని, పృతన, చమువు, అనీకిని వరకు పెరుగును. పది అనీకినులు ఒక అక్షౌహిణి: 21,870 రథములు, 21,870 ఏనుగులు, 65,610 గుఱ్ఱములు, 1,09,350 కాలిబంట్లు, మొత్తము 2,18,700. చదరంగమునకు మూలమైన చతురంగమున నిలిచినవి ఈ నాలుగు అంగములే.

పెట్టె విప్పినప్పుడు

పెట్టె తెరచిన క్రొత్తవాడు మొదట నిరాశ చెందును. మూతపై రంగురంగుల వీరులు గర్జించుచుండగా లోపల బూడిదరంగు ప్లాస్టిక్ చట్రములు మాత్రమే యుండును. వానియందు చేతులొకచోట, తలలొకచోట, డాలులొకచోట, తీగెలకు కాసిన పిందెలవలె వ్రేలాడుచుండును. సుమారు 200 డిగ్రీల వేడిమిలో కరగిన పాలిస్టైరీన్‌ను ఉక్కు అచ్చులలోనికి మిక్కిలి ఒత్తిడితో ఎక్కించి క్షణములలో చల్లార్చగా ఈ చట్రములు వచ్చును. ఆ ఉక్కు అచ్చు చెక్కుటకే అసలు ఖర్చు. ఒకసారి చెక్కిన పిమ్మట వేలకొలది చట్రములు చవుకగా దిగును. అందుచేతనే ఒక్క సేనానిని చేయువారు సీసము, తగరము వంటి లోహములను ఆశ్రయించి, ఇరువదిమంది భటులను చేయువారు ప్లాస్టిక్‌ను ఆశ్రయించుట ఈ వ్యాపారమున ఆచారమైనది.

ముక్కను చట్రమునుండి విడదీయుటకు చదునైన అంచుగల చిన్న కటింగ్‌ప్లయర్ కావలెను. అది లేనివారు గోళ్ళు తీయు కట్టరుతో కానిత్తురు. అచ్చు రెండు సగములు కలిసినచోట బొమ్మచుట్టును సన్నని గీత యొకటి మిగులును. దానిని బ్లేడు వెనుకవైపుతో గీకి, ఎమరీ కాగితముతో రుద్దుటలో ఓపికగలవాడును లేనివాడును తేలిపోవుదురు. గీకక రంగువేసినచో, ఎంత చక్కని ముఖమైనను కుట్టువేసిన గాయమువలె ఆ గీత బయటపడును. పిమ్మట జిగురు. ఈ ప్లాస్టిక్‌కు వేయు జిగురు నిజమునకు జిగురు కాదు. అది రెండు ముక్కల అంచులను కొంచెము కరగించి, ఒకదానిలో నొకటి కలిపివేయును. ఆరిన తరువాత అచ్చట అతుకు ఉండదు, ఒకే ముక్క యుండును. థర్మకోల్ కూడ పాలిస్టైరీన్ జాతిదే గనుక, ఆ జిగురు కొండమీద పడినచో కొండ కూడ కరగును. పైకి చల్లు స్ప్రేరంగును అంతే. ఒక్క చల్లుతో గుట్ట గుంతయగును. అందువలన తెలిసినవారు గుట్టకు ముందు నీటిరంగు పూత వేయుదురు.

రంగులు వేయుటకు ముందు మూలపూత పూయవలెను; లేకున్న నున్నని ప్లాస్టిక్‌పై రంగు నిలువక జారును. ఈ పూతకు మన హైదరాబాదు ఋతువులతో పేచీ కలదు. శ్రావణమాసమున గాలిలో తేమవలన స్ప్రేపూత పాలిపోయి మబ్బుపట్టినట్లగును; వైశాఖపు మధ్యాహ్నమున రంగు డబ్బానుండి బొమ్మకు చేరులోపలనే గాలిలో ఆరి, బొమ్మపై ఇసుకవలె గరుకుగా వాలును. కనుక వేసవిలో తెల్లవారుజామున మేడపైకి పోయి చల్లుట మంచిది. ఆపైన, పలుచని నల్లనీరు వంటి రంగును పూసినచో అది ముడతలలోనికి ఇంకి నీడలను తానే కల్పించును. ఆరిన పిదప, దాదాపు పొడిగా తుడిచిన బ్రష్షుతో లేతరంగును పైపైన రాచినచో అంచులు వెలుగును. ఈ రెండు ఉపాయములు వచ్చినవాడు చిత్రకారుడు కాకపోయినను, చేయిదూరమునుండి చూచువానికి చిత్రకారునివలెనే కనబడును. పాదముక్రింది పీఠముపై మన్నుకొరకు కొందరు వాడి ఆరబెట్టిన టీపొడి చల్లుదురు. ఇరానీ చాయ్ ఊరిలో దానికి కొదువలేదు.

పొణికికట్టె చెప్పు సంగతి

ఇదంతయు పరదేశపు పిచ్చియని కొట్టివేయువారు ఒకసారి కొండపల్లికి పోయి చూడవలెను. విజయవాడకు చేరువలోని ఆ ఊరిలో, తెల్లపొణికి అను తేలికకఱ్ఱను వేడిచేసి తేమ పోగొట్టి, కాళ్ళు, చేతులు, తల వేరువేరుగా చెక్కి, చింతగింజల జిగురుతో అతికి, ఱంపపుపొట్టు కలిపిన మక్కుతో సందులు పూడ్చి, సున్నముపూత వేసి, ఆరిన తరువాత మేకవెండ్రుకల కుంచెతో రంగులు దిద్దుదురు. ముక్కలు వేరుగా చేయుట, అతుకుట, మక్కు, మూలపూత, సన్నకుంచె. క్రమములో తేడా ఏమున్నది? పొణికికట్టెకు బదులు పాలిస్టైరీన్, సున్నమునకు బదులు స్ప్రేడబ్బా, అంతే. తరతరముల నుండి అంబారీ ఏనుగును, దశావతారములను, గీతోపదేశపు రథమును ఈ పద్ధతిలోనే చేయుచున్నారు. నిర్మల్ బొమ్మలవారిది కూడ పొణికికట్టెయే. బందరు అమ్మమ్మగారు బల్లను చూచి కొలువు అనుకొనుట, నా మట్టుకు నాకు, ఆనాటి మాటలన్నిటిలో సరియైన మాట.

తేడా ఒకచోట గట్టిగా కలదు. కొండపల్లి బొమ్మ చేసినవారి చేతినుండి పూర్ణరూపముతో మన ఇంటికి వచ్చును. మనము పెట్టి చూతుము. ఈ కిట్టులోని బొమ్మ అపూర్ణముగా వచ్చును; మనము కూర్చుండి చేయుదుము. సాయంకాలము రెండుగంటలు ఫోను ముట్టక ఒక చిన్న ముఖమునకు కన్ను దిద్దుటలో కాలము గడిపిన విద్యార్థి, ఆ బొమ్మ ఆటలో మొదటి వంతుననే చచ్చినను, దానిని అలమరలో ముందువరుసనే నిలుపును. గెలుపోటములు చాలమందికి జ్ఞాపకముండవు. ఏ బొమ్మ నీలిరంగు ఎట్లు కుదిరినదో జ్ఞాపకముండును.

■ ఆవరణలోని వీరవనిత
ఉస్మానియా విశ్వవిద్యాలయ భూములలో కొంతభాగము ఒకప్పుడు మహ్‌లఖా బాయి చందా (1768–1824) యొక్క ఆడిక్‌మెట్ జాగీరు. ఉర్దూ కవయిత్రి, నర్తకి యగు ఆమె విలువిద్యలో, ఈటె విసరుటలో దిట్ట. పురుషవేషముతో నిజాము వెంట యుద్ధములకు నడచినది. ఆమె కట్టించిన మెట్లబావి నేడు ఇఫ్లూ విశ్వవిద్యాలయపు ఆవరణలో కలదు. సమాధి మౌలాలి గుట్టపాదమున నున్నది. ఇట్టి వీరవనిత బొమ్మ ఏ కంపెనీ కిట్టులోనైన ఉండిన ఎంత బాగుండును!

సుంకము, సందుగ, ప్రింటరు

ఇక ధరల మాట. ఈ కిట్టులు అధికభాగము ఇంగ్లండునుండి, చైనానుండి వచ్చును. సుంకపు పట్టికలో ఆటబొమ్మలును, చిన్నపరిమాణపు నమూనాలును 9503 అను ఒకే శీర్షికక్రింద నున్నవి. ఆ వస్తువులపై 2020 బడ్జెటు మూలసుంకమును 20 శాతమునుండి 60 శాతమునకు, 2023 బడ్జెటు 70 శాతమునకు పెంచినవి. రవాణా, జీఎస్టీ వేరు. దేశీయ బొమ్మలపరిశ్రమకు ఊతమిచ్చుట దీని ఉద్దేశ్యము. ఆ ఉద్దేశ్యమును నేను తప్పుపట్టను. 2021 జనవరి 1 నుండి పిల్లల ఆటవస్తువులకు బీఐఎస్ ముద్ర తప్పనిసరి చేసినపుడు, నమోదైన హస్తకళాకారులకును, భౌగోళికగుర్తింపు పొందిన బొమ్మలకును మినహాయింపునిచ్చుట కూడ మంచిపనియే; కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక బొమ్మలకు అది మేలు. కాని విద్యార్థివేతనముతో బ్రతుకు యువకుడు ఒక్క పెట్టెకై నెలలు కూడబెట్టవలసిన స్థితి మాత్రము అట్లే యున్నది. పెట్టెను ఇద్దరు పంచుకొనుట, చట్రములో మిగిలిన తలలను చేతులను మార్చుకొనుట, పాతవానిని కొనుట, బంధువులెవరైన అమెరికానుండి వచ్చునపుడు సూట్‌కేసులో ఒక మూలను అడుగుట, ఇవి ఇచ్చటి ఉపాయములు. చట్రములో మిగిలిన చేతికి ఇంత విలువ ఉండునని ఎవరనుకొందురు?

సుంకముకంటె పెద్దశత్రువు ఆశ. పదిమంది చాలునని ఆరంభించినవాడు, వారికి రంగు పూర్తికాకముందే మరియొక పెట్టె తెప్పించును, దానిపై ఇంకొకటి. మంచముక్రింద బూడిదరంగు చట్రములు పేరుకొనును. ప్రపంచమంతట ఈ వినోదకారులు తమలో తాము ఎగతాళి చేసికొను విషయమిదే. ఎగతాళి చేసికొనుచునే మరల కొందురు. కంపెనీలు దీని నెరిగియే నూతననియమములు, నూతనసేనలు విరామములేక విడుదల చేయుచుండును.

ఈలోపల మూడవదారి యొకటి తెరచుకొన్నది. రెజిన్ ప్రింటరు ఒకటి గదిలో నుంచుకొని, కంప్యూటరు ఫైలునుండి బొమ్మను పొరపొరగా పుట్టించుట. ఇంజనీరింగు చదువరులకు ఇది సహజముగా నచ్చును, సుంకములేదు, నిరీక్షణలేదు. అయితే గట్టిపడని రెజిన్ చర్మమునకు, ఊపిరికి హానికరము. తొడుగులు లేక ముట్టరాదు. ఆల్కహాలులో కడిగి, అతినీలలోహిత కాంతిలో గట్టిపరచవలెను. కిటికీ ఒకటే గల వసతిగృహపు గదిలో, పైగా నిద్రించుచోట, దానిని నడుపుట మంచిది కాదని గట్టిగా చెప్పుచున్నాను. పడకగదికి ప్లాస్టిక్ కిట్టే మేలు.

■ ద్వారక కూడ బొమ్మలకొలువే
1957లో విడుదలైన విజయావారి 'మాయాబజార్' చిత్రమునకై కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్ ద్వారకానగరమును సుమారు 300 చిన్న ఇండ్లతో, 50 అడుగులకు 60 అడుగుల స్థలములో నిర్మింపజేసిరి. ఆ బొమ్మల ఊరికి విద్యుద్దీపములు కూడ అమర్చిరి. తెలుగువారు చూచి మైమరచిన అద్భుతలోకములలో ఒకటి సూక్ష్మనిర్మాణమే.

మన వీరులెక్కడ?

తార్నాక బల్లమీద పోరాడినవారందరు ఐరోపా కథలనుండి వచ్చినవారే: గుబురుగడ్డపు మరుగుజ్జులు, మొనచెవుల వనవాసులు, అస్థిపంజరములు. అవి బాగున్నవి, వానిపై నాకు ద్వేషములేదు. కాని ఘటోత్కచుని పరివారమును చూచి పెరిగిన పిల్లలకు అద్భుతసేన అనగా ఏమిటో వేరొకరు నేర్పవలసిన పనిలేదు. పలనాటి కథనే చూడుడు: కోడిపందెముతో రగిలిన పగ, మంత్రియైన నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు, సేనానియైన కన్నమదాసు, పసివాడే యుద్ధమునకు కదలిన బాలచంద్రుడు. కారెంపూడి వీరులగుడిలో నేటికిని వారి ఆయుధములకు పూజలు జరుగుచున్నవి. ఇరుప్రక్కల పదేసి బొమ్మలతో బల్లపై నడచుటకు ఇంతకన్న అనువైన కథ ఏది? పెద్దసేనల ఆటయైనచో ఉక్కు అచ్చులు, కోట్ల పెట్టుబడి కావలెను. పది బొమ్మల ఆటకు అక్కరలేదు. పొణికికట్టె చెక్కగల చేయి, మూలరూపము దిద్దగల కంప్యూటరు విద్యార్థి, చిన్ననియమములు వ్రాయగల కథకుడు, ఈ మువ్వురు కలిసినచో చాలును. పలు విభాగములు ఒకే ఆవరణలో నున్న విశ్వవిద్యాలయమునకు ఈ కలయిక దుర్లభము కారాదు.

ఈ మాట చదివి ఉత్సాహపడిన పాఠకులకు ఒక మనవి. మొదట ఒక్క పెట్టె మాత్రమే కొనుడు; వీలైన మిత్రునితో సగము పంచుకొనుడు. అందులో పదింటిని గీకి, అతికి, రంగువేసి, ఒకసారి ఆడువరకు రెండవ పెట్టె జోలికి పోకుడు. స్ప్రేడబ్బాను తలుపులు మూసిన గదిలో తెరవకుడు. ఆట మధ్యలో అమ్మమ్మగారు వచ్చి కొలువా అని అడిగినచో, అవునని చెప్పి, శనగలు నానవేయుమనుడు.